ముడుల పళ్ళెం

లేదు తాతా, ఇవాళ ఆ వల పక్కన పెట్టాల్సిందే. అల్లుకుంటూ వింటానంటే కుదరదు. నీ వేళ్ళు ఆడుతున్నంతసేపూ నీ చెవులు పనిచేయవని నాయనమ్మ ఊరికే అనేది కాదు.

నన్ను చర్చి దగ్గర వదిలేసి ఎవరి బండిలోనో ఎక్కి వచ్చేశావు. ఎందుకు వచ్చేశావో నాకు తెలుసు. పూజలో చూశావు కదా! శాంతి చెప్పుకునే వేళ వెర్నీస్ అత్త ముందు వరసకీ వెనక వరసకీ చేతులు చాచింది. పసిపిల్లల చేతులు కూడా పట్టుకుంది. నా చెయ్యి మాత్రం గాలిలో అలాగే ఉండిపోయింది. నువ్వు చూశావు. చూసి, దగ్గు వచ్చినట్టు దగ్గావు.

నవ్వొస్తే నవ్వు. కానీ ఈ గొడవంతటికీ మూలం నువ్వే.

అవును, నువ్వే. నువ్వూ, నీ నియమమూ!

నిరుడు సకల పునీతుల పండుగనాడు ఇదే వసారాలో, ఇదే కుర్చీలో కూర్చుని జబ్బులు నయం చేసే నీ ప్రార్థనలన్నీ నా చెవిలో చెప్పావు. మగవాడు ఆడపిల్లకే చెప్పాలన్నావు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకే ఇవ్వాలన్నావు. ఇచ్చేశాక ఇచ్చినవాళ్ళ దగ్గర ఆ శక్తి ఉండదన్నావు. నేను ఏడ్చాను కూడా, ఇంత పెద్దది నాకు ఇచ్చేస్తే తాతకు ఇంకేం మిగులుతుందని. నీకేం, హాయిగా వల మిగిలింది.

అన్నిటికంటే గట్టిగా చెప్పిన మాట ఒకటుంది. నయమైనవాళ్ళు కృతజ్ఞతతో అనే మెర్సీ అన్న మాట విననే వినకు, వాళ్ళ చేతినుంచి ఏమీ పుచ్చుకోకు, కృతజ్ఞత అందుకున్న మరుక్షణం చేసిన వైద్యం వెనక్కి పోతుంది అన్నావు. బాగానే ఉంది. మరి ఏది మెర్సీయో ఏది కాదో ఎలా తెలుస్తుందని అడిగాను. ఏమన్నావు? "తెలుస్తుందిలే" అన్నావు.

తెలుస్తుందిలే!

నేను బడిలో పిల్లలకు ఫ్రెంచి నేర్పేదాన్ని. ఒక పదం చెప్పి, దాని అర్థం అడిగినవాళ్ళతో తెలుస్తుందిలే అని ఊరుకుంటే వాళ్ళ అమ్మలు నన్ను బతకనిస్తారా?

సరే, మొదటినుంచీ చెబుతాను. నీకు తెలిసినదైనా మళ్ళీ విను. తెలిసినదే మనం ఎవరమూ సరిగ్గా తెలుసుకోలేదని నాకు ఇవాళ అర్థమైంది.

క్రిస్మస్‌కి ముందు వెర్నీస్ అత్త కొడుకు గయేతాన్‌కి జ్వరం వచ్చింది. వచ్చిన జ్వరం పోయింది, పోతూ పోతూ నాలుకను పట్టుకుపోయింది. కాఫీ తాగితే వేడినీళ్ళు. వెల్లుల్లి నమిలితే మైనం. ఏ మాస్టారికో గుమాస్తాకో అలా జరిగితే వేరే మాట. అతను వంటవాడు తాతా! షికాగోలో ఎన్నాళ్ళో పనిచేసి వచ్చి, టెష్ బయూ ఏటి ఒడ్డున మూతపడిన బియ్యం మిల్లును హోటల్‌గా మార్చాడు. మన వంటలనే ఇంతవరకూ ఎవరూ వండని తీరులో వండుతానన్నాడు. బోర్డు ఏదయ్యా అంటే "పేరు పెట్టకపోవడమే దాని పేరు" అన్నాడట. దాంతో ఊరంతా దాన్ని ఇప్పటికీ మిల్లు అనే అంటుంది. వెర్నీస్ అత్త చెరకు పొలం ఆ మిల్లు కిందే కరిగిపోయింది.

అలాంటి మనిషికి రుచి పోయింది. ఉప్పు చూడాలంటే పక్కవాళ్ళ మొహాలు చూసేవాడు.

నీ దగ్గరికే కదా వచ్చింది! వాళ్ళమ్మను వెంటబెట్టుకుని ఆ మెట్టు మీద నిలబడి టోపీ తీశాడు. నువ్వు వల మీదనుంచి తలెత్తకుండా "నా దగ్గర ఇంకేమీ లేదు నాయనా, అమ్మాయిని అడుగు" అన్నావు. అతను నావైపు తిరిగాడు. చిన్నప్పుడు నా జడ పట్టుకుని లాగిన గయేతాన్ మొహం కాదు అది. అంత్యక్రియల్లో ముందు వరసలో కూర్చునేవాళ్ళ మొహం.

నేను నూలు తాడు తీసుకున్నాను. ఒక్కొక్క ప్రార్థనకూ ఒక్కొక్క ముడి వేశాను. మెడలో కట్టి, దానంతట అది తెగిపోయేదాకా తియ్యకూడదని చెప్పాను.

అప్పుడే అనబోయాడు గుర్తుందా? "ఓజెమీ, నీకు నేను..." అంటూ నోరు తెరిచాడు. వెర్నీస్ అత్త చటుక్కున అరచెయ్యి అడ్డం పెట్టేసింది. "నోర్ముయ్యరా! షికాగో పోయి ఈ రోగం ఒకటి తగిలించుకున్నాడు. తలుపు తీసినా థాంక్సే, తుమ్మినా థాంక్సే!"

మనందరం నవ్వాం. నేను నవ్వాను కానీ నాకు భయం వేసింది. నాయనమ్మ చెప్పే కోడి కథ గుర్తొచ్చింది. ఒకావిడ చెరకు పాకం మీదపడి ఒళ్ళు కాలిన బిడ్డకు ప్రార్థన వేసింది. బొబ్బలు ఆరిపోయాయి. బిడ్డ తండ్రికి ప్రాణం ఊరుకోలేదు. చీకటి పడ్డాక వచ్చి ఆవిడ పెరట్లో ఓ కోడిని వదిలి, చప్పుడు లేకుండా వెళ్ళిపోయాడు. ఆవిడ పొద్దున్నే లేచి, ఎవరి కోడో ఏమోలే అనుకుని గుప్పెడు గింజలు చల్లింది. కోడి మొదటి గింజ పొడిచిన వేళకి అక్కడ బిడ్డ ఒంటిమీద బొబ్బ మళ్ళీ లేచింది.

ఆ కథ చెప్పి నాయనమ్మ దీపం తగ్గించేది. నాకు నిద్ర పట్టేది కాదు. ఆవిడకు తెలియదు కదా, తెలియకుండా పుచ్చుకున్నా తప్పేనా అని అడిగేదాన్ని. నాయనమ్మ కూడా నీలాగే. "తెలుస్తుందిలే" అనేది.

తర్వాత కొన్నాళ్ళకు గయేతాన్ ఫోన్ చేశాడు. "చేదు! ఓజెమీ, కాఫీ చేదుగా ఉంది!" ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు తెలియలేదు. నేను సంతోషించి, అతను ఇంకో మాట అనేలోపల ఫోన్ పెట్టేశాను. ఇంకొన్నాళ్ళకి ఉప్పు. ఆ తర్వాత పులుపు. ఆ తర్వాత పొగబెట్టిన మాంసం వాసన, ఆ తర్వాత కారం. ప్రతిసారీ నేను "మంచిది" అనడం, పెట్టెయ్యడం.

ఈస్టర్ ముందునుంచీ అతని గొంతు మారింది. "ఓజెమీ, నీతో ఒక్క మాట చెప్పాలి" అనేవాడు. ఒక్క మాట! ఆ ఒక్క మాట ఏమై ఉంటుంది? నువ్వే చెప్పు, నా స్థానంలో ఉంటే నువ్వేమనుకునేవాడివి? టక్కున పెట్టేశాను. మళ్ళీ చేశాడు. మళ్ళీ పెట్టేశాను. మెసేజీలు పెట్టాడు. తెరవకుండా తుడిచేశాను, చదివినా అందుకున్నట్టేనేమోనని. ఒకరోజు బడి గేటు దగ్గర నిలబడ్డాడు. నేను వంటగది వెనక తలుపులోంచి బయటపడి, కందకం దాటి వచ్చాను. బూట్లు పాడైపోయాయి.

నా నమ్మకాన్ని నేను ఎంత భద్రంగా కాపాడుకున్నానో చూడు.

చివరికి వెర్నీస్ అత్త వచ్చింది. "శనివారం సాయంత్రం మిల్లులో నువ్వు నా పక్కన కూర్చుని భోంచేస్తున్నావు" అంది. నేను రానన్నాను. నయమైనవాడి చేతి అన్నం తినకూడదన్నాను. "నీ బిల్లు నువ్వే కట్టుకో అమ్మాయ్, ఎవరొద్దన్నారు? ఊరి జనం అందరూ వెళ్ళి డబ్బిచ్చి తిని వస్తున్నారు. నువ్వొక్కదానివే పునీతురాలివా?" అంది. ఆవిడ నాలుక ముందు నా నాలుక ఎప్పుడు ఆగింది?

వెళ్ళాను.

నేను ముందే చెబుతున్నాను తాతా, తప్పులు పట్టడానికే వెళ్ళాను. పట్టడానికి కావలసినన్ని ఉన్నాయి కూడా! మొదట ఒక పళ్ళెం తెచ్చారు, ఎద్దుబండి చక్రమంత. దాని మధ్యలో పైన్ పుల్లకు గుచ్చిన పందికొవ్వు వేపుడు ముక్క. ఒకే ఒక్కటి.

వెర్నీస్ అత్త కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. "మా నాన్న బతికుండి దీన్ని చూస్తే, పంది ఇంకా పెరట్లోనే తిరుగుతోందనుకునేవాడు" అంది.

"అత్తా, నెమ్మదిగా."

"నెమ్మదిగా ఏంటి? నా కొడుకు హోటల్, నా పొలం పోయింది, నా ఇష్టం వచ్చినట్టు మాట్లాడతాను. ఇంత పళ్ళెంలో ఇంతేనా? పళ్ళేనికే ఆకలేసి తినేసినట్టుంది!"

తర్వాత మన పులుసన్నం, గంబో, వచ్చింది. గంబో అంటే గంబోలా రాలేదు. గిన్నెలో అప్పడంలా వేగిన అన్నం, పక్కన నిమ్మకాయంత బంగాళాదుంప సలాడ్, చల్లగా. ఒకమ్మాయి కెటిల్ తెచ్చి, నల్లగా వేయించిన పిండి చారు పైనుంచి ధారగా పోసింది. అన్నం చిటపటమంది. వెర్నీస్ అత్త అంది కదా, "వీడు గంబోకి విడాకులిప్పించి మళ్ళీ పెళ్ళి చేస్తున్నాడే!"

నేను నవ్వలేదు. ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాను.

ఏం చెప్పమంటావు? అది నాయనమ్మ గంబో. ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి, ఎవరు పిలిచినా పలకకుండా, పిండి మాడడానికి ఒక్క ఊపిరి ముందు దించేదే, అదే రుచి. నాకు కోపం వచ్చింది. ఆ కెటిలేమిటి, ఆ అప్పడమేమిటి, ఇంత వేషం వేసుకుని వచ్చి ఆవిడ నా నోట్లో కూర్చోవడమేమిటి! తప్పు పట్టడానికి వెళ్ళినదానికి ఇంతకంటే అవమానం ఉంటుందా?

తర్వాత క్రాఫిష్ రొయ్యలు వచ్చాయి. తలల్లోని పసుపుపచ్చ కొవ్వును వెన్నలా చేసి మళ్ళీ తలల్లోనే నింపాడు. వెర్నీస్ అత్త జుర్రుమని పీల్చింది. పక్క బల్లలవాళ్ళు మెడ తిప్పారు, న్యూ ఆర్లీన్స్ నుంచి వచ్చినవాళ్ళలా ఉన్నారు. "చూస్తారేంటి, మీరూ పీల్చండి! చెంచాతో తింటే అది ఊరుకుంటుందా?" అంది. కాసేపటికి వాళ్ళూ పీల్చారు. సగం హాలు జుర్రుమంటోంది. అంతమంది నవ్వుతుంటే నేనూ కొంచెం మెత్తబడ్డాను. ఫర్వాలేదు, మెర్సీ అన్న మాట రాకుండానే గడిచిపోయేటట్టుంది అనుకున్నాను.

అప్పుడు వచ్చింది ఆ పళ్ళెం.

నల్లటి పలక. దాని మీద తెల్లటి తాడు. బియ్యప్పిండితో చేసిన సన్నటి తాడు, ఈ చివరినుంచి ఆ చివరికి ముడులు ముడులుగా. వడ్డించే అమ్మాయి గొంతు తగ్గించి చెప్పింది, "ఇది ఒక్క మీ బల్లకే. చెఫ్ కొత్తగా చేశారు. ఈ చివరినుంచి మొదలుపెట్టి వరసగా తినాలట."

నాకు ఏమీ తట్టలేదు తాతా. నిజం. అందంగా ఉందనుకున్నాను. మొదటి ముడి తిన్నాను. చేదు, మన కాఫీ చేదు. రెండోది ఉప్పు. తర్వాతది బెండకాయ పచ్చడి పులుపు. తర్వాత పొగ. తర్వాత కారం.

కారం గొంతులో ఉండగానే నా చెయ్యి ఆగిపోయింది. ఈ వరస నేనెక్కడ విన్నాను? ఫోన్‌లో విన్నాను.

అది నా తాడు! నా ప్రార్థనల తాడు! మీ మేనత్త నీకూ, ఆవిడకు వాళ్ళ తాతా, ఇలా ఎంతమంది చెవిలో గుసగుసగా చెప్పుకుంటూ తెచ్చారో, దాన్ని ఫోర్కుతో తినేలా పలకమీద పెట్టాడు! సిగ్గుతో నా చెవులు మండాయి. అంతలోనే సిగ్గు పోయి భయం వచ్చింది. ఇది మెర్సీయే కదా! నోటితో చెప్పనివ్వలేదని వండి తెచ్చాడు. నేను తెలియక సగానికి పైగా తినేశాను. కోడి గింజలు పొడిచేసింది.

తల ఎత్తేసరికి అతను వంటగదిలోంచి వస్తున్నాడు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ తిన్నగా మా బల్ల దగ్గరికే. మెడలో తాడు లేదు, తెగిపోయింది కాబోలు. అతన్ని చూసి హాలు సద్దుమణిగింది.

ఇంకా ఆఖరి ముడి మిగిలి ఉంది. మిగతావాటికంటే పెద్దది, నల్లటిది, మెరుస్తోంది.

"ఓజెమీ" అన్నాడు. నా మొహం చూడలేదు, పళ్ళెం వైపే చూస్తున్నాడు. "ఎలా ఉంది? నిజం చెప్పు. నీ నోట వినాలని చేశాను."

నీ నోట వినాలని! బాగుందంటే పుచ్చుకున్నట్టు. ఏమీ అనకపోతే తిన్నదే పుచ్చుకున్నట్టు. అతని నాలుక గడపలో నిలబడ్డట్టుంది తాతా, లోపలికి రావాలో వెనక్కి పోవాలో నా మాట మీద ఉంది. నేను ఒకటే ఆలోచించాను. కోడి కథలో ఆవిడ ఏం చేసి ఉండాల్సింది? రాయి తీసుకుని దాన్ని తరిమి ఉండాల్సింది.

రాయి తీసుకున్నాను.

"గయేతాన్, దీనికి రుచీ లేదు, పాడూ లేదు" అన్నాను. అందరికీ వినబడేలా, బడిలో పాఠం చెప్పే గొంతుతో. "వట్టి పిండి. ఇంత దూరం పిలిచి ఇదా పెట్టేది?"

వెర్నీస్ అత్త చేతిలోంచి చెంచా పడిపోయింది. "ఓజెమీ!"

అతను చాలా నెమ్మదిగా అడిగాడు, "అన్నీనా? ఆఖరిది కూడానా?"

"ఆఖరిది మరీ" అన్నాను.

తల ఊపాడు. పళ్ళెం తనే తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. నేను నా బిల్లు కట్టేసి బయటికి వచ్చాను. వంతెన దాటుతుంటే నాకెంత గర్వంగా ఉందో తెలుసా? ఊరంతా తిట్టుకుంటే తిట్టుకోనీ, అతని రుచి అతనికి దక్కించాను అనుకున్నాను. నా గురించి నేనే ఒక కథ చెప్పుకున్నాను, నాయనమ్మ చెప్పినట్టు.

అదీ నిన్న జరిగింది. ఇక ఇవాళ.

పూజ అయ్యాక వెర్నీస్ అత్త కారు దగ్గర నన్ను ఆపింది. చెయ్యి ఇవ్వనావిడ చొక్కా పట్టుకుంది. "ఏం చేశాడే వాడు నీకు? పొద్దున్నే మిల్లుకు తాళం వేసి, వంటవాళ్ళను ఇళ్ళకు పంపేశాడు. ఆదివారం, ఒక్క బల్ల ఖాళీ లేనిరోజు! గంబో వండుకుంటూ నోట్లో ఏదో రుచి ఉందని భ్రమపడ్డానమ్మా, నా నాలుక తిరిగి రాలేదు, వచ్చిందని అనుకున్నానంతే అంటున్నాడు. ఓజెమీకి ఏ ముడిలోనూ రుచి లేదంటే నాకు తెలిసేది రుచి కాదు, జ్ఞాపకం అంటున్నాడు!"

నేను అక్కడే చెప్పేశాను, అంతా బాగుందని, కావాలని అబద్ధం ఆడానని, అది మెర్సీ అనుకున్నానని.

ఆవిడ నన్ను ఎలా చూసిందో నువ్వు ఉండి చూడాల్సింది.

"మెర్సీయా? వాడు నిన్ను అడగడానికి వచ్చాడే పిచ్చిదానా! వాడికి తీపి రాలేదు. అన్నీ వచ్చాయి, అదొక్కటే రాలేదు. ఆ ముక్క చెప్పాలనే నీకు ఫోన్లు చేశాడు. నాకూ ఇవాళ పొద్దుటిదాకా చెప్పలేదు, నేను అప్పటికే ఊరంతా టముకు వేసేశానని. వంటవాళ్ళకు చెప్పలేడు, వాళ్ళకు పూర్తిగా నయమైందన్నాడు. ఆఖరి ముడి చెరకు పాకంతో చేశాడు, కళ్ళు మూసుకుని చేసినట్టు చేశాడు. అది తీయగా ఉందా అని అడగడానికి వాడికి ఈ లోకంలో ఉన్నది నువ్వొక్కదానివి!"

విన్నావా తాతా? ఒక్క మాట చెప్పాలి అన్నాడే, అదీ ఆ ఒక్క మాట. నేను ఫోన్ ఎత్తి ఉంటే ఇంకో తాడు కట్టేదాన్ని. ఒక్క తాడు! నువ్వు నాకు మెర్సీ వినకుండా చెవులు మూసుకోవడం నేర్పావు. మూసిన చెవికి అడిగేదీ వినిపించదని చెప్పావా? చెప్పు, వల వదిలి చెప్పు!

ఉండు. ఇంకా అవలేదు.

వెర్నీస్ అత్త అక్కడికక్కడే కొడుకుకి ఫోన్ చేసింది. నేను నియమం కోసం అబద్ధం ఆడానని చెప్పింది. ఫోన్ నా చెవి దగ్గర లేదు, అయినా నాకు అతని నవ్వు వినిపించింది. పెద్దగా, చిన్నప్పటి నవ్వు. "తింగరిది! ఇంకా ఆ తాతా మనవరాళ్ళు అలాగే ఉన్నారా!" అన్నాడు. నవ్వి, ఆగాడు. తర్వాత ఏదో అడిగాడు.

ఆవిడ నావైపు తిరిగింది. "ఆఖరిది తీయగా ఉందా అని అడుగుతున్నాడు."

ఆవిడ మొహం అప్పుడు ఎలా ఉందంటే... పొలం అమ్మిననాడు కూడా ఆవిడ అలా చూడలేదు.

నోరు తెరిచాను. నిజం చెప్పడానికే తెరిచాను, ఒట్టు. బయటికి వచ్చింది వేరే మాట. "తీపి" అన్నాను.

"ఎక్కువా తక్కువా అంటున్నాడు."

"సరిపోయింది" అన్నాను.

అంతే. ఆవిడ కళ్ళు తుడుచుకుని కారెక్కింది. అతను వంటవాళ్ళను మళ్ళీ పిలిచాడట. మధ్యాహ్నం భోజనానికి వచ్చినవాళ్ళందరికీ ఇవాళ ముడుల పళ్ళెమే ఆఖరి వడ్డన అట. ఓజెమీ సరిపోయిందంది కాబట్టి.

నేను ఆ ముడి తినలేదు తాతా.

కారం దగ్గరే ఆగిపోయానని చెప్పాను కదా! నేను దాన్ని ముట్టుకోనేలేదు. అది నల్లగా ఉంది, అంత నలుపు ఉండకూడదు. చెరకు పాకం ఒక్క పొంగు ఎక్కువైతే విషంలా చేదెక్కుతుందని ఈ పారిష్ ఊళ్ళలో పసిపిల్లలకు కూడా తెలుసు. అతనొక్కడికే తెలియదు, ఇప్పుడు.

ఏమో, తీయగానే ఉందేమో. చేదుగానే ఉందేమో. నన్నలా చూడకు, వెళ్ళి చెప్పమంటావా? చెప్పి ఏమనను? చర్చిలోంచి జనం అందరూ అటే వెళ్ళారు. ఈపాటికి ఎవరో ఒకరు ఆఖరి ముడి దాకా వచ్చే ఉంటారు.